ఆన్‌లైన్‌లో, మన వీలును బట్టి ఎం.ఎస్.ఎన్. చదవడం: విజయవాడ, గుంటూరు సిస్టర్ల కోసం మొదటి కాగితం నుంచి చివరి ప్రాజెక్టు దాకా

సెలవు మీద గుంటూరు వచ్చిన ప్రతిసారీ బ్రాడీపేటలో మా ఇంటికి నలుగురైదుగురు సిస్టర్లు వస్తారు. విజయవాడ నుంచి నైట్ డ్యూటీ దిగి, అదే యూనిఫాంలో బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందరి ప్రశ్నా ఒకటే: "అక్కా, ఉద్యోగం చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేశావు కదా, ఎలా చేశావో వరసగా చెప్పు." ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పి పంపినా, వారం తిరక్కుండా అవే సందేహాలతో ఫోన్లు వస్తున్నాయి. అందుకే ఏది ముందు, ఏది వెనుక అన్నది తేలేలా అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను ఇక్కడే బి.ఎస్సీ. నర్సింగ్ చదివాను. విజయవాడలో ఐసీయూలో పనిచేశాను. పెళ్లయ్యాక హెచ్-4 వీసా (అక్కడ హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవారి భార్య లేదా భర్తకు ఇచ్చేది) మీద అమెరికా వెళ్లి, అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, వర్క్ పర్మిట్ వచ్చాక అక్కడి హాస్పిటల్లో చేరాను. నైట్ షిఫ్టులు చేస్తూ రెండేళ్లలో నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో ఎం.ఎస్.ఎన్. (మాస్టర్ ఆఫ్ సైన్స్ ఇన్ నర్సింగ్, అక్కడి మాస్టర్స్ డిగ్రీ) పూర్తి చేశాను. ఇప్పుడు అదే హాస్పిటల్లో కొత్త నర్సులకు ట్రైనింగ్ ఇచ్చే ఉద్యోగంలో ఉన్నాను.

## 1. ఈ డిగ్రీ ఎక్కడ చూపించబోతున్నారో ముందు తేల్చుకోండి

మిగతా భాగాలన్నీ దీని తర్వాతే. ఇది తేల్చుకోకుండా ఫీజు కట్టినవాళ్లను చూశాను కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

పోయినసారి వచ్చినప్పుడు ఒక చెల్లెలు ఫోన్లో వాట్సాప్ ప్రకటన చూపించింది. "ఏడాదిలో ఆన్‌లైన్ ఎం.ఎస్సీ. నర్సింగ్, కాలేజీకి రానక్కర్లేదు" అని ఉంది. అడ్వాన్స్ అప్పటికే కట్టేసింది. ఆ సర్టిఫికెట్‌తో ఏదైనా నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరాలని ఆమె ఆశ. ఆ ఆశ తీరదని చెప్పడం నాకు చాలా కష్టమైంది.

మన దేశంలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. ఆ పద్ధతుల్లో నడపకూడదని చెప్పిన కోర్సుల్లో నర్సింగ్ ఉంది. ఇక్కడ ఎం.ఎస్సీ. నర్సింగ్ అంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కాలేజీకి వెళ్లి చదివే రెండేళ్ల రెగ్యులర్ కోర్సు. బి.ఎస్సీ. తర్వాత కనీసం ఏడాది అనుభవం, డిగ్రీలో 55 శాతం మార్కులు ఉండాలి. మన రాష్ట్రంలో ఆ అడ్మిషన్లు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ద్వారా జరుగుతాయి.

విదేశీ యూనివర్సిటీ పేరు ఉన్నంత మాత్రాన పరిస్థితి మారదు. విదేశీ డిగ్రీల సమానత్వం మీద యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు నర్సింగ్ లాంటి కౌన్సిల్ కోర్సులకు వర్తించవు. నేను అమెరికాలో చదివిన ఎం.ఎస్.ఎన్. పట్టుకొని గుంటూరులో ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరతానంటే కుదరదు. ఆ సంగతి తెలిసే చదివాను. నాకు ఉద్యోగం కావాల్సింది అక్కడ.

కాబట్టి మీరు ఎవరో చూసుకోండి.

- ఇక్కడే ఉండి టీచింగ్‌లోకో, ప్రభుత్వ ఉద్యోగంలో పైకో వెళ్లాలనుకుంటే: రెగ్యులర్ ఎం.ఎస్సీ. నర్సింగే దారి. ఐసీయూలోనే ఎదగాలంటే, కౌన్సిల్ తెచ్చిన రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ రెసిడెన్సీ ఉంది. ఈ వ్యాసంలో 6, 7 భాగాలు మాత్రం మీకూ పనికొస్తాయి.
- గల్ఫ్‌లో ఉంటే: అక్కడి లైసెన్సింగ్ సంస్థ ఆన్‌లైన్ డిగ్రీని లెక్కలోకి తీసుకుంటుందో లేదో ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే కదలండి.
- అమెరికాలో ఉన్నా, వెళ్లబోతున్నా: మిగతాదంతా మీ కోసమే.

## 2. అర్హత: ఇంట్లో కూర్చుని చదివేదైనా లైసెన్సు అక్కడిదే కావాలి

"గుంటూరులో ఉండే అమెరికా ఎం.ఎస్.ఎన్. చేసేయొచ్చా?" అని అడుగుతారు. చాలావరకు కుదరదు. ఈ ప్రోగ్రాములు దాదాపు అన్నీ అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, ఎలాంటి ఆంక్షలూ లేని ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు అడుగుతాయి. అమెరికాలో నివాసం ఉండాలనే స్కూళ్లూ ఉన్నాయి. మన కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దానికి బదులు కాదు.

అందుకే వరస ఇలా ఉంటుంది: సర్టిఫికెట్ల మూల్యాంకనం, ఎన్‌క్లెక్స్, రాష్ట్ర లైసెన్సు, ఆ తర్వాత ఎం.ఎస్.ఎన్. అప్లికేషన్. ఎన్‌క్లెక్స్ మాత్రం ఇక్కడి నుంచే రాయొచ్చు, హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ పరీక్షా కేంద్రాలున్నాయి.

వీసా సంగతి. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సుకు ఎఫ్-1 స్టూడెంట్ వీసా రాదు. "మా కోర్సులో చేరితే వీసా వస్తుంది" అని ఏ ఏజెంటైనా అంటే అక్కడితో లేచి వచ్చేయండి. హెచ్-4 మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మామూలుగా చదువుకోవచ్చు. నర్సుగా స్పాన్సర్‌షిప్ మీద వెళ్లాలనుకుంటే, భారతీయులకు ఈబీ-3 (ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డు) క్యూ పదేళ్లు దాటి ఉంది. దాన్ని నమ్ముకొని చదువు ప్లాన్ వేసుకోకండి.

జీఎన్ఎం చేసినవాళ్లకు. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎంను చాలాచోట్ల డిగ్రీగా లెక్కించరు. నేరుగా ఎం.ఎస్.ఎన్.కు బదులు, ఆర్.ఎన్. నుంచి బి.ఎస్.ఎన్. (అక్కడి నర్సింగ్ డిగ్రీ) మీదుగా ఎం.ఎస్.ఎన్. దాకా కలిపి చదివించే ప్రోగ్రాములు చూడండి. ఇక్కడే పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. పూర్తి చేసి వెళ్లినవాళ్లకు ఆ మేరకు దారి తగ్గుతుంది.

## 3. కాగితాలు: విమానం ఎక్కకముందే

నా రెండేళ్ల చదువులో ఏ పరీక్షా పెట్టనంత టెన్షన్ ఈ కాగితాలు పెట్టాయి. అక్కడికి వెళ్లాక ఇక్కడి కాలేజీ ఆఫీసులో ఒక సంతకం కోసం తమ్ముడిని, బావగారిని తిప్పాల్సి వస్తుంది. మీరు ఊళ్లో ఉన్నప్పుడు వారంలో అయ్యే పని, మీరు లేనప్పుడు నెలలు పడుతుంది.

మూల్యాంకనం ఎక్కువగా సీజీఎఫ్ఎన్ఎస్ అనే సంస్థ చేస్తుంది. 2025లో అది తన పేరు ట్రూమెరిట్ అని మార్చుకుంది, రెండు పేర్లూ వినిపిస్తాయి కాబట్టి కంగారు పడకండి. వాళ్లకు ట్రాన్‌స్క్రిప్టు మన చేతి మీదుగా వెళ్లకూడదు. చదివిన సంస్థ నుంచి నేరుగా వెళ్లాలి. రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ కూడా అంతే, నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా వెళ్లాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. నేను కాలేజీలో అడిగితే ట్రాన్‌స్క్రిప్టు కవరులో పెట్టి, అంటించి, ఆ అతుకు మీద స్టాంపు వేసి నా చేతికే ఇచ్చారు. ఇంటికొచ్చి మార్కులు సరిగా పడ్డాయో లేదో చూద్దామని కవరు చించాను. నా చేతికి రావడమే తప్పు, పైగా చించిన కవరుకు అసలు విలువ లేదు. మళ్లీ చలానా, మళ్లీ లెటరు, ఆ సంతకం పెట్టాల్సిన మేడమ్ సెలవులో ఉన్నారు. ఏడు వారాలు పోయాయి. మీరు రెండు సెట్లు అడగండి: ఒకటి మీరు చూసుకోవడానికి, ఇంకొకటి నేరుగా పంపడానికి.

చూసుకునే సెట్టులో ఏం చూడాలి?

- ప్రతి సబ్జెక్టుకూ థియరీ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా ఉన్నాయా? మార్కులు మాత్రమే ఉంటే సరిపోదు.
- మెడికల్ సర్జికల్, పీడియాట్రిక్స్, ఓబీజీ, సైకియాట్రీ: ఈ నాలుగింటిలోనూ థియరీతో పాటు క్లినికల్ గంటలు పడ్డాయా? వెనక్కి వచ్చే కేసుల్లో చాలాసార్లు లోటు ఇక్కడే ఉంటుంది.
- చేరిన తేదీ, ముగిసిన తేదీ మార్కుల మెమోలతో సరిపోతున్నాయా?
- పేరు.

ఈ పేరు దగ్గర మన తెలుగువాళ్లం తప్పకుండా చిక్కుకుంటాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విడమర్చి ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు ఎక్కుతుంది. అక్కడి కంప్యూటర్‌కు ఈ మూడూ ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఎన్‌క్లెక్స్‌కూ, లైసెన్సుకూ, యూనివర్సిటీకీ ఇవ్వండి. పాత సర్టిఫికెట్లలో తేడా ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ రాయించి నాలుగైదు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి.

2014 జూన్ 2కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టర్ అయినవాళ్లు తమ రికార్డు ఏ కౌన్సిల్ దగ్గర ఉందో మొదటే అడిగి తెలుసుకోండి. తెలియక ఒకచోట అప్లై చేసి, అక్కడి నుంచి ఇంకోచోటికి పంపితే రెండు ఫీజులూ, రెండింతల కాలమూ పడుతుంది.

వెళ్లే ముందు ఫైల్లో ఉండాల్సినవి

- డిగ్రీ ఒరిజినల్, ప్రొవిజనల్, అన్ని సంవత్సరాల మార్కుల మెమోలు
- గంటల వివరాలతో ట్రాన్‌స్క్రిప్టు, మీరు చదివిన బ్యాచ్ సిలబస్ కాపీ
- ఆర్.ఎన్., ఆర్.ఎం. (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) రిజిస్ట్రేషన్, రెన్యువల్ కాగితాలు
- పనిచేసిన ప్రతి హాస్పిటల్ నుంచి వార్డు పేరు, తేదీలు రాసిన అనుభవ పత్రం
- అన్నిటి స్కాన్ కాపీలు, మీ ఈమెయిల్లో ఒకటి, ఇంట్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఒకటి
- మీ తరఫున కాలేజీకి వెళ్లేవారికి సంతకం చేసిన అధికార పత్రం

## 4. ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు ఈ వరసలో చూడండి

మొదట గుర్తింపు. నర్సింగ్ ప్రోగ్రాముకు సీసీఎన్ఈ గానీ, ఏసీఈఎన్ గానీ ఇచ్చిన గుర్తింపు ఉండాలి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ నర్సింగ్ ప్రోగ్రాముకు ఉండటం వేరు. స్కూలు వెబ్‌సైటును నమ్మి ఊరుకోకుండా, గుర్తింపు ఇచ్చిన సంస్థ సైటుకే వెళ్లి అక్కడి జాబితాలో పేరు వెతకండి.

తర్వాత మీ రాష్ట్రం. ఆ స్కూలుకు మీరుండే రాష్ట్రంలో విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందా? హెచ్-4 కుటుంబాల్లో ఇది అందరికంటే ఎక్కువగా చూసుకోవాలి. ఆయన ప్రాజెక్టు మారితే టెక్సస్ నుంచి న్యూజెర్సీకి మకాం మారుతుంది. అప్పుడు ఈ చదువు, ఈ లైసెన్సు ఏమవుతాయో చేరకముందే అడగండి.

ఆ తర్వాత స్పెషాలిటీ. ఎడ్యుకేషన్, లీడర్‌షిప్, ఇన్ఫర్మాటిక్స్ మన వేగంతో చదవడానికి బాగా వీలవుతాయి. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అలా కాదు. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాల ప్రకారం రోగులను నేరుగా చూసే క్లినికల్ గంటలు కనీసం 750 ఉండాలి. ఆ గంటలు క్లినిక్ టైమింగుల ప్రకారమే నడుస్తాయి, మన వీలు అక్కడ చెల్లదు. చాలా స్కూళ్లలో మిమ్మల్ని పక్కన పెట్టుకుని నేర్పే ప్రిసెప్టర్‌ను మీరే వెతుక్కోవాలి. కొత్త ఊళ్లో, తెలిసినవాళ్లు లేనిచోట అది చిన్న పని కాదు.

చివరగా ఫీజు లెక్క. ఇది తరగతుల ఫీజులా ఉండదు. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీలో ఆరు నెలల టర్ముకు ఇంత అని ఒకే ఫీజు, ఆ టర్ములో ఎన్ని కోర్సులు ముగించినా అంతే. కపెల్లా యూనివర్సిటీ ఫ్లెక్స్‌పాత్‌లో ఆ లెక్క 12 వారాల సెషన్ల మీద నడుస్తుంది. అంటే వేగంగా ముగిస్తే డబ్బు మిగులుతుంది, సాగదీస్తే మళ్లీ కట్టాలి. "మన వీలును బట్టి" అనే మాట విని నెమ్మదిగా చదువుకోవచ్చని చేరినవాళ్లకు ఇదే దెబ్బ.

మీ హాస్పిటల్ చదువుకు డబ్బిస్తుందేమో హెచ్.ఆర్.లో అడగండి. ఏడాదికి 5,250 డాలర్ల దాకా యజమాని ఇచ్చే చదువు సాయానికి అక్కడ పన్ను పడదు. నేను దాన్నే టర్ముల మీద సర్దుకున్నాను. అయితే డబ్బు తీసుకుంటే ఇంతకాలం పనిచేయాలనే షరతు ఉంటుంది, సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవండి.

అడ్మిషన్ కౌన్సెలర్‌ను అడగాల్సిన ప్రశ్నలు:

- ఇండియాలో చేసిన బి.ఎస్సీ. నర్సింగ్‌ను నేరుగా తీసుకుంటారా? ఎవరి మూల్యాంకన రిపోర్టు కావాలి?
- చదువుతున్నంత కాలం నర్సుగా ఉద్యోగంలో ఉండాలా? వర్క్ పర్మిట్ రెన్యువల్ ఆలస్యమై ఉద్యోగం ఆగితే చదువు సాగుతుందా?
- ఇండియాకు సెలవు మీద వెళ్లినప్పుడు పరీక్ష రాయొచ్చా?
- టర్ము మధ్యలో ఆపితే డబ్బులో ఎంత తిరిగిస్తారు?
- ప్రాక్టికమ్ (హాస్పిటల్ లాంటి చోట చేయాల్సిన ప్రాక్టికల్ పని) ఎన్ని గంటలు, ఎక్కడ చేయాలి, చోటు ఎవరు వెతకాలి?

ఫోన్లో చెప్పిన జవాబును మళ్లీ ఈమెయిల్లో తెప్పించుకోండి.

## 5. చేరే ముందు నెల

ఫీజు గడియారం మొదలుకాక ముందే ఈ నెల వాడుకోవాలి. ఏపీఏ ఏడో ఎడిషన్ పద్ధతిలో పేరాలో మూలాన్ని ఎలా చూపాలో, చివర జాబితా ఎలా రాయాలో నేర్చుకోండి. పది వ్యాసాలు తీసుకుని పది ఎంట్రీలు చేత్తో చేసి చూస్తే వచ్చేస్తుంది. రిఫరెన్సులు దాచుకునే జొటెరో ఉచితం. టైపింగ్ నెమ్మదైతే రోజూ అరగంట కూర్చోండి. సీఐఎన్ఏహెచ్ఎల్, పబ్‌మెడ్ అనే నర్సింగ్, వైద్య వ్యాసాల డేటాబేసుల్లో ఒక విషయం వెతికి, ఐదేళ్లలోపు వచ్చిన వ్యాసాలు మాత్రమే వడకట్టడం అలవాటు చేసుకోండి.

## 6. వారం ఎలా నడపాలి

అక్కడి హాస్పిటల్లో వారానికి మూడు 12 గంటల షిఫ్టులు. నాలుగు రోజులు సెలవే కదా అనిపిస్తుంది. నైట్ దిగిన రోజు సెలవు కాదని మనకందరికీ తెలుసు. మొదటి రెండు నెలలు నేను ఆ రోజు కూడా చదవబోయి, ఒకే పేజీ ఐదుసార్లు చదివి, ఏమీ ఎక్కక ఏడ్చాను.

తర్వాత కుదిరిన పద్ధతి ఇది:

1. నైట్ దిగిన రోజు: చదువు వద్దు. నిద్ర, వంట, పిల్లలు.
2. మొదటి పూర్తి సెలవు రోజు: పొద్దున నాలుగు గంటలు. కొత్తది చదవడం, వ్యాసాలు వెతకడం.
3. రెండో సెలవు రోజు: నాలుగు గంటలు. రాయడం మాత్రమే, కొత్తది తెరవకూడదు.
4. షిఫ్టు ఉన్న రోజులు: బయల్దేరే ముందు ముప్పావు గంట. రిఫరెన్సులు సరిచేయడం, మెంటర్‌కు (మన చదువు ఎలా సాగుతోందో చూసే స్కూలు మనిషి) మెయిల్, ఫారాలు.
5. ఆదివారం సాయంత్రం: వచ్చే వారం ఏ అసెస్‌మెంట్ (దిద్దడానికి పంపే పేపరు) ఏ రోజు పంపాలో క్యాలెండర్ మీద రాయడం.

ఇంతా కలిపి వారానికి పది, పన్నెండు గంటలు. తక్కువలా కనిపించినా, తప్పకుండా పడితే సరిపోతుంది.

ఇంటివాళ్లతో ఒక మాట ముందే అనుకోవాలి. మన ఇళ్లలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఆడమనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. "అమ్మాయ్, ఒక్కసారి పప్పు చూడవా" అని మా అత్తగారు పిలిచేవారు. ఆవిడది తప్పేమీ లేదు, నేను చెప్పలేదు. తర్వాత ఆ నాలుగు గంటలనూ "డ్యూటీ" అని పేరు పెట్టి క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాశాను. డ్యూటీ అన్న మాట మా ఇంట్లో అందరికీ అర్థమైంది. ఆ తర్వాత తలుపు దగ్గర కాఫీ పెట్టి వెళ్లింది ఆవిడే.

గుంటూరు సెలవుకు వచ్చినప్పుడు సమయం తేడా చూసుకోండి. అమెరికా తూర్పు తీరానికీ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అక్కడి సాయంత్రం నాలుగింటి మెంటర్ కాల్ అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటాక.

## 7. అసెస్‌మెంట్ రాయడం: మన అలవాటు అడ్డొచ్చే చోటు

అన్నిటికంటే ఎక్కువ మంది ఇక్కడే ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు, మనకు నేర్పిన పద్ధతి వేరు.

బి.ఎస్సీ.లో ప్రశ్న రాగానే మన చెయ్యి తనంతట తానే రాసుకుపోతుంది: డెఫినిషన్, ఇన్సిడెన్స్, ఎటియాలజీ, క్లినికల్ మానిఫెస్టేషన్స్, డయాగ్నసిస్, మేనేజ్‌మెంట్, నర్సింగ్ కేర్. ఎంత ఎక్కువ రాస్తే అన్ని మార్కులు. అక్కడ రూబ్రిక్ అని ఒక పట్టిక ఇస్తారు. ఎడమవైపు ఏం కావాలో ఒక్కో వరసలో ఉంటుంది. ప్రతి వరసా విడిగా దిద్దుతారు. ఒక్క వరస తప్పితే పేపరు మొత్తం వెనక్కి వస్తుంది.

నా మొదటి పేపరు మూత్ర క్యాథెటర్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గించడం మీద. 14 పేజీలు రాశాను. ఇన్ఫెక్షన్ ఎలా వస్తుందో ఐదు పేజీలు. వెనక్కి వచ్చింది. రూబ్రిక్‌లో మూడో వరస అడిగింది ఇది: "మీ వార్డులో ఈ మార్పు అమలుకు ఎదురయ్యే రెండు అడ్డంకులు, ఒక్కోదానికి మీ పరిష్కారం, ఆధారంతో." నేను అడ్డంకులు ఆరు రాశాను, పరిష్కారం ఒక్కటీ రాయలేదు.

రెండోసారి ఇలా రాశాను. ఒకటి, రాత్రిపూట క్యాథెటర్ తీయడానికి డాక్టర్ ఆర్డర్ దొరకదు, అందుకని నర్సే తీయగలిగే ప్రోటోకాల్. రెండు, షిఫ్టు మారేటప్పుడు ఎన్నో రోజు క్యాథెటరో ఎవరూ చెప్పుకోరు, అందుకని హ్యాండోవర్ షీట్‌లో ఒక గడి. ఒక్కోదానికీ ఒక వ్యాసం ఆధారం. ఈసారి తొమ్మిది పేజీలే అయింది, పాసైంది.

అప్పటి నుంచి నేను వాడిన వరస:

1. రూబ్రిక్ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించండి. రెండు రోజులు ఊరికే చదవండి.
2. ఒక్కో వరసను కొత్త డాక్యుమెంట్లో ఒక్కో సబ్‌హెడింగ్‌గా ఎక్కించండి.
3. ప్రతి వరసలో క్రియాపదం కింద గీత గీయండి. "గుర్తించు" అంటే రెండు వాక్యాలు చాలు. "విశ్లేషించు" అంటే కారణం, ఫలితం, మీ తీర్పు కావాలి.
4. వరసలో "రెండు" అని ఉంటే రెండే రాయండి.
5. రాశాక ప్రతి సబ్‌హెడింగ్ కింద, అడిగినది ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించగలరా? చూపలేకపోతే లేనట్టే.
6. ఒక రాత్రి ఆగి, బయటికి చదివి, పంపండి.

పేపరు వెనక్కి వస్తే ఫెయిల్ అయినట్టు కాదు. దిద్దినవారి వ్యాఖ్య చూసి, ఆ వరస ఒక్కటే సరిచేసి, మార్చిన వాక్యాలకు రంగు వేసి తిరిగి పంపండి. మొత్తం తిరగరాయడం మొదలుపెడితే బాగున్న వరసలు కూడా చెడతాయి.

కాపీ గురించి నిజం మాట్లాడుకోవాలి. మన కేర్ ప్లాన్ ఫైళ్లు సీనియర్ల ఫైళ్లు చూసి రాసినవే. అక్కడ ఆ అలవాటు చదువునే ముంచుతుంది. పుస్తకంలో వాక్యం నచ్చితే పుస్తకం మూసి, ఆ విషయాన్ని పక్క బెడ్ సిస్టర్‌కు తెలుగులో చెప్పినట్టు చెప్పుకోండి. తర్వాత ఇంగ్లిష్‌లో రాయండి. వాక్యం మీదవుతుంది. ఆధారం మాత్రం చూపాల్సిందే. ఏఐతో రాయించిన పేపరు కూడా చాలా స్కూళ్లలో కాపీ కిందికే వస్తుంది, మీ స్కూలు నియమం చదవండి.

## 8. ఇంటి నుంచి పరీక్ష

కొన్ని కోర్సులకు పేపరు బదులు పరీక్ష ఉంటుంది. వెబ్‌క్యామ్‌లో ఒకరు చూస్తూ ఉంటారు. ముందు గదంతా కెమెరాతో తిప్పి చూపమంటారు. నన్ను గోడ మీది క్యాలెండర్ తీయమన్నారు, అద్దం మీద దుప్పటి వేయమన్నారు.

- పాస్‌పోర్టు పేరుతో సరిపోయే గుర్తింపు కార్డు టేబుల్ మీద
- తలుపు గడియ, ఇంట్లోవాళ్లకు ముందే మాట
- పెదవులు కదిపి చదివే అలవాటు ఉంటే ముందే మానుకోండి, ఆపేస్తారు
- హాస్పిటల్ ఇచ్చిన లాప్‌టాప్ వద్దు, దానిలో పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎక్కకపోవచ్చు

ఇండియా నుంచి రాయడానికి స్కూలు ఒప్పుకుంటే, రూటర్ కూడా ఇన్వర్టర్ మీద ఉండేలా చూసుకోండి. లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉన్నా, కరెంటు పోగానే వైఫై పోతే పరీక్ష పోయినట్టే. మే నెల గుంటూరులో మధ్యాహ్నం స్లాట్ తీసుకోకండి.

## 9. ప్రాక్టికమ్, చివరి ప్రాజెక్టు

వీటిని చివరికి వదిలేయకండి. సగం కోర్సులు అవగానే చోటు కోసం అడగడం మొదలుపెట్టాలి. హాస్పిటల్‌కూ యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం మీద సంతకాలు కావడానికే నెలలు పట్టొచ్చు. అన్ని కోర్సులూ ముగిసి, సంతకం కోసం కూర్చుని, ఇంకో టర్ము ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు.

ప్రాజెక్టుకు పెద్ద విషయం వెతక్కండి. మీ వార్డులో మిమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టేది ఏదో ఒకటి ఉంటుంది, అదే తీసుకోండి. నాది కొత్తగా చేరిన నర్సులకు ఇన్సులిన్ డబుల్ చెక్ నేర్పడం మీద. మేనేజర్ మద్దతు మెయిల్‌లో తీసుకోండి, మేనేజర్లు మారిపోతుంటారు.

## 10. పదే పదే చూసే తప్పులు, వాటికి దారులు

మొదటి టర్ములో అన్నీ ఒకేసారి తెరవడం. నాలుగు కోర్సులు సగం సగం కంటే రెండు పూర్తిగా మేలు. ఒకటి పంపి, దాని ఫలితం వచ్చేలోపు రెండోది చదవండి.

మెంటర్ ఫోన్ చేస్తే ఎత్తకపోవడం. పని కాలేదని సిగ్గుపడి తప్పించుకుంటాం. రెండు వారాలు కుంటుపడితే ఆ సంగతే చెప్పండి. గడువు సర్దడం వాళ్ల పని. మనం కనిపించకుండా పోతే వాళ్లేమీ చేయలేరు.

కష్టమైన కోర్సును వెనక్కి నెట్టడం. చాలామందికి అది పరిశోధన, గణాంకాల కోర్సు. దాన్ని రెండో టర్ములోనే పెట్టుకోండి, తర్వాత పేపర్లన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఇక్కడి రిజిస్ట్రేషన్ వదిలేయడం. ఎప్పుడైనా తిరిగొచ్చి పనిచేయాలనుకుంటే, మన కౌన్సిల్ రెన్యువల్ గడువు, దానికి కావాల్సిన సీఎన్ఈ (కంటిన్యూయింగ్ నర్సింగ్ ఎడ్యుకేషన్) గంటలు చూసుకుంటూ ఉండండి.

ఊరికి వచ్చి ఆగిపోవడం. పెళ్లి, చావు, ప్రసవం, ఏదో ఒకటి వస్తుంది. ముందే తెలిస్తే టర్ము మొదలుకాకముందు విరామం అడగండి. టర్ము మధ్యలో అడిగితే ఫీజు పోతుంది. నేను మా నాన్న ఆపరేషన్ తేదీ తెలియగానే మెంటర్‌కు చెప్పాను. ఆ టర్ము దాటవేసి, ఆరు నెలల తర్వాత అదే పేజీ దగ్గర మళ్లీ మొదలుపెట్టాను.

డిగ్రీ వచ్చిన వారంలో రెండు పనులు చేయండి. హెచ్.ఆర్.కు ఫైనల్ ట్రాన్‌స్క్రిప్టు నేరుగా స్కూలు నుంచి పంపించండి, జీతం మార్పు చాలాచోట్ల ఆ కాగితం అందిన తేదీ నుంచే లెక్కిస్తారు. స్కూలు ఈమెయిల్ ఖాతా మూతపడకముందు మీ పేపర్లు, రూబ్రిక్‌లు, ప్రాక్టికమ్ గంటల పట్టిక అన్నీ సొంత డ్రైవ్‌లోకి దించుకోండి.